వంటింట్లోకి వచ్చిన దురాత్మలు

అమెరికన్ రచయిత్రి జూలీ కెన్నర్ 2005లో ‘కార్పే డిమన్’ అనే నవలతో ప్రారంభించిన కేట్ కానర్ నవలామాలిక, దురాత్మలతో పోరాటాన్ని నగర శివారులో నివసించే ఒక మధ్యతరగతి ఇల్లాలి దినచర్యలోకి తీసుకువచ్చి, ఆ రెండింటి మధ్య ఏర్పడే ఒరిపిడి నుంచి హాస్యాన్ని పుట్టించింది. కాలక్షేపం కోసం చదివి పక్కన పెట్టే పుస్తకాల వరుసలో దీనిని చేర్చడం పరిపాటి అయినా, ఇంటి పనికి ఈ నవలలు ఇచ్చినంత గౌరవాన్ని గంభీర సాహిత్యంలో సైతం అరుదుగా చూస్తాం గనుక, ఇవి నిలిచి పరిశీలించదగినవి.

ఆంగ్ల ప్రచురణ రంగంలో ‘పారానార్మల్’ అనే పేరుతో పిలిచే విభాగంలో, రక్తపిశాచాలూ మాంత్రికులూ దురాత్మలూ పాతకోటలను విడిచి నేటి నగరాలలో, మామూలు మనుషుల మధ్య తిరుగుతూ కనిపిస్తారు. 1993లో లారెల్ కె. హామిల్టన్ మొదలుపెట్టిన అనీటా బ్లేక్ నవలలూ, 1997 నుంచి 2003 వరకు ప్రసారమైన ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే టెలివిజన్ ధారావాహికా ఈ ధోరణికి విస్తృతమైన ఆదరణ సంపాదించి పెట్టాయి. అయితే ఆ కథానాయికలు పడుచువారు, బిడ్డల బాధ్యత లేనివారు. రాక్షస సంహారం చేసే యువతి పెళ్లి చేసుకొని, పిల్లలను కని, ఆయుధాలు అటకెక్కించి పదిహేనేళ్లు గడిపాక ఏమవుతుందన్న ప్రశ్న దగ్గర కెన్నర్ కథ మొదలవుతుంది.

నవలామాలిక ఉపశీర్షికలో కనిపించే ‘సాకర్ మామ్’ అనే మాట 1996 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో విశేషంగా ప్రచారంలోకి వచ్చింది. పిల్లలను ఫుట్‌బాల్ సాధనకూ, సంగీత పాఠాలకూ, స్నేహితుల ఇళ్లకూ కారులో తిప్పుతూ రోజంతా గడిపే శివారు తల్లులను, ఓటర్లలో ఒక ముఖ్యవర్గంగా గుర్తించి పత్రికలు వారికి ఆ పేరు పెట్టాయి. 1947లో న్యూయార్క్ సమీపాన మొదలైన లెవిట్‌టౌన్ వంటి కాలనీల నమూనాలో, రెండవ ప్రపంచయుద్ధానంతరం విస్తరించిన అమెరికన్ శివారులో దుకాణమూ బడీ ఆసుపత్రీ ఒకదానికొకటి దూరంగా ఉండటం వలన, కారు లేనిదే కుటుంబం కదలదు. ఆ కారు నడిపే పని చాలా ఇళ్లలో తల్లిదే అయింది. డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ శివారులలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జీవితక్రమాన్ని వేరే వివరించనక్కరలేదు.

కథాస్థలమైన శాన్ డయాబ్లో కాలిఫోర్నియా తీరంలోని ఒక కల్పిత పట్టణం. తల్లిదండ్రులెవరో తెలియకుండా రోమ్‌లో చర్చి సంరక్షణలో పెరిగిన కేట్, వాటికన్‌కు చెందిన ‘ఫోర్జా స్కూరా’ అనే రహస్య సంస్థలో శిక్షణ పొంది, తనతోపాటే పెరిగిన ఎరిక్‌ను పెళ్లాడి, దురాత్మల బెడద తక్కువని ఈ ఊరిని ఎంచుకొని విశ్రాంత జీవితంలోకి వచ్చింది. ఎరిక్ మరణానంతరం ఆమె స్టువర్ట్ అనే న్యాయవాదిని వివాహమాడింది. మొదటి భర్త వలన కలిగిన పద్నాలుగేళ్ల ఆలీ, రెండవ భర్త వలన కలిగిన రెండేళ్ల టిమ్మీ ఆమె పిల్లలు. కౌంటీ అటార్నీ పదవికి పోటీ చేయదలచిన స్టువర్ట్ కోసం పలుకుబడి గలవారికి ఇంట్లో విందు ఏర్పాటు చేస్తున్న సాయంత్రం, ఒక దురాత్మ ఆమెను చంపడానికి ఇంట్లోకి దూసుకువస్తుంది. దానిని హతమార్చి, కళేబరాన్ని దాచి, వంటిల్లు శుభ్రం చేసి, అతిథులు వచ్చే వేళకు భోజనం సిద్ధం చేయవలసిన స్థితిలో ఆమె పడుతుంది.

తెలుగులో ‘దెయ్యం’ అనగానే చనిపోయిన మనిషి ఆత్మ స్ఫురిస్తుంది. కెన్నర్ దురాత్మలు అటువంటివి కావు. అవి ఏనాడూ మానవజన్మ ఎత్తనివి. అప్పుడే ప్రాణం పోయిన దేహంలో ప్రవేశించి, ఆ మనిషి రూపంలోనే సంఘంలో తిరుగుతాయి, కనుక శవాన్ని ఆవహించే మన బేతాళుడికే ఇవి దగ్గర. పవిత్రజలం తాకితే వాటికి కాలుతుంది, నోటినుంచి దుర్గంధం వస్తుంది, కంటిలో పొడిస్తేనే అవి ఆ దేహాన్ని విడిచిపోతాయి. ఈ నియమాలు ఇంత సరళంగా ఉండటం రచనకు ఎంతో మేలు చేసింది, ఎందుకంటే కంట్లో పొడవడానికి మంత్రఖడ్గం అవసరం లేదు, ఏ ఇంట్లోనైనా దొరికే మొనదేలిన వస్తువు చాలు. నోటి దుర్వాసన సాధారణ మనుషులకూ ఉండేదే గనుక, ఎదుటివాడు దురాత్మో, పళ్లు తోముకోని పొరుగువాడో తేల్చుకోవడం ప్రతిసారీ పరీక్షగా మారుతుంది.

ఈ నవలలలోని హాస్యం దురాత్మలను వెక్కిరించడం వలన గాని, గృహిణిని చులకన చేయడం వలన గాని పుట్టదు. రెండు పనులూ ఒకే గడియారానికి లోబడి ఉండటమే దాని మూలం. శత్రువు దేనికోసం వచ్చిందో తెలుసుకోవడానికి కేథడ్రల్‌లోని పాత పత్రాల పెట్టెలు వెతకాలంటే, ముందు టిమ్మీని ఏ శిశుసంరక్షణ కేంద్రంలో వదలాలో తేలాలి. పసివాణ్ణి పరాయివారి చేతుల్లో పెట్టినందుకు ఆ తల్లి పడే వేదనను రచయిత్రి పోరాట ఘట్టాలంత శ్రద్ధతో చిత్రించింది. లోకాన్ని కాపాడటం ఆమెను ఏ ఇంటి పని నుంచీ విడుదల చేయదు, ఆమె చేసిన రెండు పనులనూ ఇంట్లో ఎవరూ గుర్తించరు.

1964 నుంచి 1972 వరకు అమెరికన్ టెలివిజన్‌లో ప్రసారమైన ‘బివిచ్డ్’లోనూ అతీతశక్తి గల ఇల్లాలే నాయిక. అందులో భార్య మంత్రగత్తె అని భర్తకు తెలుసు, ఆ విద్య వాడవద్దని అతడు కోరుతాడు. కేట్ భర్తకు అసలు సంగతే తెలియదు. మొదటి నవలలో నవ్వు పుట్టించిన ఈ గోప్యత, ‘డిమన్స్ ఆర్ ఫరెవర్’, ‘డేజా డిమన్’ నాటికి దాంపత్యాన్ని తొలిచే సమస్యగా ముదురుతుంది. పైగా చనిపోయిన ఎరిక్ ఆత్మ మరొకరి దేహంలో తిరిగివచ్చిందని తెలిశాక, ఆమె ఏ భర్తతో ఎంత నిజం చెప్పాలన్నది ఏ దురాత్మా కలిగించనంత సంకటం అవుతుంది. శత్రువుల పన్నాగాలు, ప్రాచీన వస్తువుల రహస్యాలు అనేకచోట్ల పలుచగానే ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. కుటుంబ కథ బిగువు వలననే ఆ లోపం పాఠకుణ్ణి అంతగా బాధించదు.

ఆలీకి తల్లి రహస్యం తెలిసిన తరువాత ఈ నవలామాలిక తన శ్రేష్ఠమైన భాగంలోకి ప్రవేశిస్తుంది. తానూ వేటగత్తెను అవుతానని ఆ పిల్ల పట్టుబడుతుంది, శిక్షణ లేకుండా వదిలితే అపాయమని అనుభవజ్ఞురాలైన కేట్‌కు తెలుసు, శిక్షణ ఇస్తే పోరాటంలోకి తానే నెట్టినట్లవుతుందని తల్లిగా భయం. ఆమె చిన్నతనంలో ఆ జీవితం కావాలా వద్దా అని అడిగినవారు లేరు. అనాథ గనుక సంస్థ చేతికి కత్తి ఇచ్చింది, ఆమె పుచ్చుకుంది. తన కూతురికి మాత్రం వద్దనే అవకాశం ఉండాలని పదిహేనేళ్లు మౌనం పాటించిన ఆ తల్లి, అదే కూతురు ఇష్టపూర్వకంగా కత్తి అడిగినప్పుడు, ఒక్కొక్క మెళకువనూ ఒక్కొక్క షరతు పెట్టి నేర్పడానికి సిద్ధపడుతుంది.