కట్టడమే చెప్పే కొలతలు

రైలు నమూనాల అభిరుచి ఉన్నవారికి ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు బజారులో సిద్ధంగా దొరుకుతాయి. ఆ పట్టాల పక్కన ఉండాల్సిన స్టేషన్, గూడ్స్ షెడ్డు, నీళ్ల ట్యాంకు, సిగ్నల్ క్యాబిన్, గేట్‌మన్ గది అంత సులువుగా దొరకవు. కొన్నింటికి ప్లాస్టిక్ కిట్లు ఉన్నాయి కానీ అవి ఎవరింట చూసినా ఒకేలా ఉంటాయి. తాను చూసి ఇష్టపడ్డ కట్టడాన్నే నిలబెట్టాలనుకున్నవారు అట్ట, చెక్క, ప్లాస్టిక్ రేకు ముందేసుకుని మొదటినుంచీ సొంతంగా కట్టుకోవాలి. ఈ పనినే స్క్రాచ్‌బిల్డింగ్ అంటారు. కత్తి పట్టకముందే ఎదురయ్యే ప్రశ్న కొలతలది. ఎప్పుడో కూల్చేసిన గూడ్స్ షెడ్డు ఎత్తు ఎంతో ఎవరు చెబుతారు? నేను నమ్మేదేమిటంటే, చాలావరకు ఆ కట్టడమే చెబుతుంది. ప్రతి గోడలోనూ దాని కొలబద్ద దాగి ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకున్నవారికి ఒక పాత ఫొటో కూడా ప్లానుగా మారుతుంది.

ముందుగా స్కేలు లెక్క. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలులో అసలు కట్టడంలోని ఒక అడుగు నమూనాలో 3.5 మిల్లీమీటర్లు, అంటే 87వ వంతు. బ్రిటన్‌లో బాగా వ్యాపించిన ఓఓ స్కేలులో అడుగుకు 4 మిల్లీమీటర్లు, అంటే 76వ వంతు. అమెరికావారి ఓ స్కేలు 48వ వంతు, ఎన్ స్కేలు 160వ వంతు. హెచ్‌ఓలో 3 మీటర్ల గోడ 34.5 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఇటుకల మధ్య 10 మిల్లీమీటర్ల సున్నపు గీత 0.11 మిల్లీమీటరు అవుతుంది, మనం రోజూ వాడే తెల్లకాగితం మందమంత. ఈ లెక్కలో మనకు ధైర్యమిచ్చే విషయం ఒకటుంది. అసలు కొలతలో 5 సెంటీమీటర్లు తప్పినా నమూనాలో తేడా అర మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే. అందుచేత ఫొటో నుంచి జాగ్రత్తగా లెక్కగట్టిన కొలతలు ఈ పనికి ధారాళంగా సరిపోతాయి.

ప్లాన్లు సిద్ధంగా దొరికే చోట్లూ ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ఉదారమైనది అమెరికాది. 1933లో, ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న రోజుల్లో, అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్‌లో పనిచేసే చార్ల్స్ పీటర్సన్ ఒక ప్రతిపాదన రాశాడు. పనిలేక కూర్చున్న వాస్తుశిల్పుల చేత దేశంలోని పాత కట్టడాలను కొలిపించి గీయిద్దామన్నాడు. అలా పుట్టినదే హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే. 1969లో దానికి తోడుగా వంతెనలు, కర్మాగారాలు, రైల్వే షెడ్ల కోసం హిస్టారిక్ అమెరికన్ ఇంజనీరింగ్ రికార్డ్ వచ్చింది. ఆ పటాలు, ఫొటోలు, చరిత్ర పత్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, దించుకోవచ్చు. వాటిలో చాలా పటాలు పావు అంగుళానికి ఒక అడుగు లెక్కన గీసినవి. అంటే సరిగ్గా 48వ వంతు, మరో మాటలో ఓ స్కేలే! హెచ్‌ఓకి కావాలంటే పటాన్ని 55.2 శాతానికి, ఎన్ స్కేలుకైతే 30 శాతానికి తగ్గించి అచ్చు వేసుకుంటే చాలు. కాకపోతే కంప్యూటరులోంచి తీసిన ప్రతి అసలు పటమంతే ఉంటుందన్న హామీ లేదు. పటం అడుగున గీసిన కొలగీతను స్టీలు స్కేలుతో సరిచూశాకే కత్తెర పట్టాలి.

ఈ భాండారంలో పెన్సిల్వేనియాలోని ఈస్ట్ బ్రాడ్ టాప్ రైల్వే వర్క్‌షాపు పటాలు నమూనాకారులకు నిజంగా పెన్నిధి. 3 అడుగుల చిన్న గేజి మీద బొగ్గు మోసిన ఆ రైల్వే 1956లో ఆ పని ఆపేసింది. రాక్‌హిల్ ఫర్నెస్‌లోని దాని రౌండ్‌హౌస్, మెషిన్ షాపు, కమ్మరిశాల చెక్కుచెదరకుండా మిగిలాయి. ఒక్క ఆవిరి యంత్రం తిప్పే పొడవాటి ఇరుసులు, వాటి మీది కప్పీలు, అక్కడినుంచి ఒక్కో యంత్రానికి దిగే తోలు పట్టాలు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. ఆ పటాలు చూస్తే కిటికీ ఎందుకంత పెద్దదో తెలుస్తుంది. కరెంటు దీపాలకు ముందు రోజుల్లో లేతు మీద పనిచేసేవాడికి వెలుతురు అక్కడినుంచే రావాలి. కారణం తెలిసి కట్టినవాడు కిటికీని ఎక్కడ పడితే అక్కడ పెట్టడు.

ప్లాను లేని కట్టడానికి పైనుంచి చూసిన ఆకారమైనా దొరికితే సగం దారి దాటినట్టే. అందుకు అమెరికాలో శాన్‌బార్న్ పటాలున్నాయి. 1867లో మొదలైన శాన్‌బార్న్ సంస్థ అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం వేలాది ఊళ్లను అంగుళానికి 50 అడుగుల లెక్కన గీసింది. ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్కకు పసుపు, రాతికి నీలం. అంతస్తులెన్ని, కప్పు దేనిది, గోడ మందమెంత అన్న వివరాలు కూడా చిన్న గుర్తుల్లో ఉంటాయి. ఏ గోడ నిప్పును ఆపుతుందో తెలుసుకోవడానికి బీమావాడు గీయించుకున్న ఆ పటం, ఏ గోడకు ఇటుక అచ్చు అట్ట వాడాలో ఇప్పుడు నమూనాకారుడికి చెబుతోంది. రైల్వేల సొంత ప్రామాణిక ప్లాన్లు కూడా కొన్ని దొరుకుతాయి. సదరన్ పసిఫిక్ వంటి పెద్ద రైల్వేలు ఒకే నమూనా మీద ఎన్నో స్టేషన్లు కట్టాయి. అయితే కాగితం మీది ప్లానుకూ నేల మీది కట్టడానికీ తేడాలుంటాయి. కట్టేటప్పుడే తలుపు జరుగుతుంది, పదేళ్లకు ఒక వసారా చేరుతుంది. ప్లాను ఒకటి చెప్పి ఫొటో మరొకటి చెబితే నేను ఫొటోనే నమ్మమంటాను.

ఇక ఫొటో దగ్గరికే వద్దాం. ఇటుక గోడ ఉంటే అదే టేపు. అమెరికాలోని మామూలు ఇటుక గోడలో మూడు వరసలు, సున్నంతో కలిపి, 8 అంగుళాలు. బ్రిటన్‌లోని ఇప్పటి ఇటుకతో ఒక్కో వరస 75 మిల్లీమీటర్లు. మన దేశపు ప్రామాణిక మాడ్యులర్ ఇటుకతో వరసకు సరిగ్గా 100 మిల్లీమీటర్లు, అంటే పది వరసలకు ఒక మీటరు. అమెరికాలోని ఒక గూడ్స్ షెడ్డు ఫొటోలో నేలనుంచి చూరు వరకు 45 వరసలు లెక్కకు వచ్చాయనుకుందాం. పదిహేను మూళ్లు, ఒక్కోటి 8 అంగుళాలు, మొత్తం 120 అంగుళాలు. గోడ ఎత్తు 10 అడుగులు, హెచ్‌ఓలో 35 మిల్లీమీటర్లు. ఇటుక కనబడని చోట తలుపు, మెట్టు, గోడకు కొట్టిన చెక్కపలక వెడల్పు అదే సాయం చేస్తాయి. పట్టాల మధ్య దూరం కూడా తెలిసిన కొలతే. అమెరికా, బ్రిటన్‌ల ప్రామాణిక గేజి 1435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజి 1676. కానీ కొలబద్దగా తీసుకున్న వస్తువు, కొలవాల్సిన గోడ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. షెడ్డు ముందు నిలిచిన పెట్టెను ఆధారం చేసుకుంటే, అది కెమెరాకు దగ్గరగా ఉంది కాబట్టి పెద్దగా కనిపిస్తుంది, షెడ్డు లెక్కలో చిన్నదైపోతుంది.

ఏటవాలుగా తీసిన ఫొటోలో ఈ దూరాల చిక్కు తప్పదు. దాన్ని విప్పే శాస్త్రం వెనుక ఒక ప్రాణగండం ఉంది. 1858లో ఆల్బ్రెక్ట్ మేడెన్‌బావర్ అనే యువ ప్రష్యన్ వాస్తుశిల్పి వెట్స్‌లార్ కెథడ్రల్‌ను కొలుస్తూ అంత ఎత్తునుంచి పడబోయి త్రుటిలో బయటపడ్డాడు. గోడలెక్కి కొలిచే బదులు గోడ ఫొటోనే కొలవవచ్చు కదా అన్న ఆలోచన అతనికి అప్పుడే కలిగింది. ఆ దారిలోనే ఫొటోగ్రామెట్రీ ఎదిగింది. 1885లో బెర్లిన్‌లో అతని ఆధ్వర్యంలో ఫొటోలతో కట్టడాలను కొలిచే ప్రభుత్వ సంస్థ వెలిసింది. ఆ శాస్త్రంలోని మొదటి పాఠం పెన్సిలుతో చేసుకోవచ్చు. ఫొటోలో దూరానికి పోయే కొద్దీ సన్నబడే గోడకు మూలలనుంచి రెండు కర్ణాలు గీయండి. అవి కలిసే బిందువు గోడకు అసలైన నడిమి భాగం, కంటికి అది ఎంత పక్కకు జరిగినట్టు కనిపించినా సరే. సరళరేఖ ఫొటోలో సరళరేఖగానే పడుతుంది కాబట్టి కర్ణాల ఖండన బిందువు మారదు. ఆ బిందువు గుండా నిలువు గీత గీస్తే గోడ రెండు సమాన భాగాలవుతుంది. ఒక్కో భాగానికి మళ్లీ కర్ణాలు గీస్తే నాలుగు. ఇలా పోతే తలుపు ఎన్నో వంతులో ఉందో తేలుతుంది. ఇప్పుడు కట్టడం చుట్టూ తిరిగి తీసిన పదుల ఫొటోలనుంచి కంప్యూటరే ముప్పరిమాణ రూపం తయారుచేస్తుంది. అయినా కనీసం ఒక్క అసలు కొలత ఇవ్వనిదే ఆ రూపం ఎంత పెద్దదో దానికీ తెలియదు.

కొలతలన్నీ సరిగ్గా వచ్చాక కూడా ఒక నిర్ణయం మిగులుతుంది. 600 అడుగుల మిల్లు హెచ్‌ఓలో రెండు మీటర్లు దాటుతుంది, అంత బల్ల ఎవరికుంది? కుదించక తప్పదు. అప్పుడు కిటికీలను సన్నగా చేయకండి. ఒక్కో కిటికీ, దాని రెండు పక్కల స్తంభాలు ఉన్న కొలతలోనే ఉంచి, అలాంటి భాగాల సంఖ్య తగ్గించండి. పన్నెండుకు బదులు అయిదు ఉన్నా అది మిల్లులాగే ఉంటుంది. కిటికీ కొలత చెడితే మాత్రం పక్కన నిలిచిన మనిషి బొమ్మ ఆ మోసాన్ని వెంటనే బయటపెడుతుంది. రంగుల కోసం జాక్ డెలానో 1942, 43లో అమెరికా ప్రభుత్వం తరఫున తీసిన రైల్వే యార్డుల రంగు ఫొటోలు చూడండి. మసి ఎక్కడ పేరుకుంటుందో, వాన ఎక్కడ కడుగుతుందో వాటికన్నా బాగా చెప్పే గురువు నాకు కనిపించలేదు.

ఈ విద్య ఎంత దూరం వెళ్లగలదో ఇంగ్లండులోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో 1954లో మొదలైన పెండన్ మ్యూజియం చూపిస్తుంది. దాన్ని స్థాపించిన రాయ్ ఇంగ్లండ్ 1925లో ఆస్ట్రేలియానుంచి వచ్చాడు. రైళ్ల మీది ప్రేమ అతణ్ణి వేల్ ఆఫ్ వైట్ హార్స్ లోయకు చేర్చింది. అక్కడి గడ్డికప్పు ఇళ్లు ఒక్కొక్కటిగా రూపు మారిపోవడం చూసి తట్టుకోలేక, వాటిని కొలిచి, ఫొటోలు తీసి, అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన అట్టతో కట్టడం మొదలుపెట్టాడు. గోడలు అట్టవి, రంగులు నీటి రంగులు, గడ్డికప్పుకు ప్లంబర్లు పైపుల అతుకులకు చుట్టే నార. ఒక్కో ఇంటికి నెలల తరబడి పని. స్వచ్ఛంద సేవకులు చేతులు కలిపితే 1930ల నాటి లోయ మ్యూజియంలో నిలిచింది. అందులోని పెండన్ పార్వా ఊరు ఏ భౌగోళిక పటంలోనూ లేదు, కానీ దానిలోని ఇళ్లు లోయలోని వేర్వేరు ఊళ్లలో నిజంగా నిలిచినవే. కల్పనకు ఇంత చోటు చాలని నా అభిప్రాయం. అమరిక మనది కావచ్చు, ఇల్లు మాత్రం నిజమైనదై ఉండాలి.

మన స్టేషన్ల సంగతి వేరు. వాటికి కిట్లు దొరకడమే అరుదు కాబట్టి కావాలనుకున్నవారు సొంతంగా కట్టుకోవాల్సిందే. పట్టాలతోనూ చిన్న ఇబ్బందుంది. మన 1676 మిల్లీమీటర్ల గేజి హెచ్‌ఓలో 19.3 మిల్లీమీటర్లు కావాలి, బజారు పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే. ఆ మూడు మిల్లీమీటర్లతో రాజీపడవచ్చు. రాజీపడలేనిది కట్టడాలు పోవడంతోనే. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభాగాన్ని పునర్నిర్మాణం కోసం 2025లో కూల్చేశారు. అంత పేరున్న కట్టడానికి లక్షల ఫొటోలుంటాయి. మీటర్ గేజి రోజుల్లో కట్టిన చిన్న ఊరి స్టేషన్‌కు, దాని పక్కనున్న పాయింట్స్‌మన్ క్వార్టర్‌కు ఎవరు ఫొటో తీశారు?

మీ ఊరి దగ్గర అలాంటిది మిగిలి ఉంటే ఇప్పుడే కదలండి. స్టేషన్ మాస్టరు గారిని కలిసి అనుమతి తీసుకోండి, పట్టాల మీదికి పోకండి. నాలుగు గోడలకూ ఎదురుగా నిలబడి, గోడకు ఆనించిన మీటరు బద్దతో సహా ఫొటోలు తీయండి. టేపుతో పొడవు, వెడల్పు, ఒక తలుపు, ఒక కిటికీ కొలవండి. ఇటుక వరసలు లెక్కపెట్టండి. కాగితం మీద తేదీ, ఊరి పేరు రాసి, ఒక నకలు మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.