పెళ్లి పత్రం లేని దాంపత్యం: కెనడా వలస దరఖాస్తులో సహజీవనానికి రుజువు

7.1 పరిచయం

పెళ్లి అయిందని చెప్పడానికి ఒక కాగితం ఉంటుంది. రిజిస్ట్రారు సంతకం, తేదీ, సాక్షుల పేర్లు అందులోనే ఉంటాయి. ఆ పెళ్లి నిజమైనదేనా అని వీసా అధికారి ప్రశ్నించవచ్చు గాని, అది ఏ రోజు జరిగిందన్న విషయంలో సాధారణంగా వివాదం ఉండదు. పెళ్లి చేసుకోకుండా దంపతుల్లా కలిసి బతుకుతున్నవారి సంగతి వేరు. కెనడా వలస చట్టం అలాంటి వారిని ‘కామన్-లా పార్ట్‌నర్’ అంటుంది, భార్యాభర్తలతో దాదాపు సమానంగా చూస్తుంది. ఒకరు మరొకరిని స్పాన్సర్ చేయవచ్చు. ఒకరి దరఖాస్తులో మరొకరిని కుటుంబ సభ్యులుగా చేర్చవచ్చు. అయితే వలస చట్టం దృష్టిలో ఈ బంధం ఏర్పడటానికి ఏ తంతూ, ఏ నమోదూ అక్కర్లేదు. కాబట్టి అది ఏర్పడిన రోజున చేతికి ఏ పత్రమూ రాదు.

మరి పత్రం లేని బంధాన్ని రుజువు చేయడం ఎలా? ఈ భాగంలో ఆ ప్రశ్ననే పరిశీలిస్తాం. చదువు, ఉద్యోగాల కోసం కెనడా వెళ్తున్న తెలుగు యువతలో పలువురికి ఈ ప్రశ్న నిజ జీవితంలో ఎదురవుతోంది. ఆ నిబంధనలు తెలియక దరఖాస్తులో ‘అవివాహితులం’ అన్న గడిలో గుర్తు పెట్టినవారు తరువాత ఏ ఇబ్బందిలో పడతారో 7.5లో చూస్తారు.

7.2 నిర్వచనం

కెనడా ‘వలస, శరణార్థుల రక్షణ చట్టం’ 2001లో ఆమోదం పొంది, 2002 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద చేసిన నిబంధనల్లో 1(1)వ సెక్షన్ ఈ బంధాన్ని నిర్వచిస్తుంది. ఒక వ్యక్తితో దాంపత్య సంబంధంలో ఉంటూ, ఆ విధంగా కనీసం ఒక సంవత్సరం కలిసి నివసించి, ఇప్పటికీ కలిసి నివసిస్తున్నవారే కామన్-లా పార్ట్‌నర్. ఇందులో స్త్రీ పురుషులన్న షరతు లేదు. స్వలింగ జంటలకూ ఇదే నిర్వచనం వర్తిస్తుంది.

ఏడాది అంటే కలిసి నివసించిన ఏడాది, ప్రేమించుకున్న ఏడాది కాదు. హైదరాబాద్‌లో మూడేళ్లు పరిచయం, ఆపైన టొరంటోలో ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో కాపురం ఉన్న జంటకు ఇంకా నాలుగు నెలలు తక్కువే. రోజూ గంటల తరబడి మాట్లాడుకున్న వీడియో కాల్స్ బంధం నిజమైనదని చెప్పడానికి పనికివస్తాయి గాని ఆ నాలుగు నెలలను పూరించవు.

ఆ ఏడాది నిరంతరాయంగా ఉండాలి. అంటే ఒక్క రాత్రి కూడా విడిగా ఉండకూడదని కాదు. ఒకరు అక్క పెళ్లికి గుంటూరు వచ్చి ఆరు వారాలు ఉండి వెళ్లారనుకోండి. ఆ కాలమంతా కెనడాలోని ఇల్లు ఇద్దరిదిగానే ఉంది, అద్దెలో వాటా ఆగలేదు, సామాను అక్కడే ఉంది, తిరిగి అక్కడికే చేరారు. దీన్ని తాత్కాలికమైన ఎడబాటుగానే చూస్తారు. అదే వ్యక్తి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి, అక్కడ సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకుని, ఐదు నెలల తరువాత మళ్లీ కలిస్తే లెక్క కష్టమవుతుంది. ఏడాది ఒకసారి పూర్తయ్యాక మాత్రం పరిస్థితి కొంత మారుతుంది. ఆ తరువాత పని వల్లనో తల్లిదండ్రుల అనారోగ్యం వల్లనో కొంతకాలం దూరంగా ఉన్నా, కలిసే జీవించాలన్న ఉద్దేశం ఇద్దరికీ కొనసాగితే, వీలైనంత త్వరగా మళ్లీ ఒకచోటికి చేరాలని చూస్తుంటే, బంధం తెగినట్టు కాదు.

ఒక మినహాయింపు ఉంది. వేధింపుల వల్లనో, శిక్షకు లోనయ్యే పరిస్థితి వల్లనో కలిసి నివసించలేకపోయిన జంటను, ఏడాదిగా దాంపత్య సంబంధంలో ఉంటే, 1(2)వ సెక్షన్ ఈ నిర్వచనంలోకి తీసుకుంటుంది. వీసా దొరకలేదనో ఉద్యోగం వదులుకోలేమనో చెప్పే సాధారణ కారణాలు ఈ మినహాయింపులోకి రావు.

7.3 రూమ్మేట్లా, దంపతులా?

కలిసి నివసించడం ఒక్కటే చాలదు. ఆ నివాసం దాంపత్య స్వభావం కలిగి ఉండాలి. ఈ మాటకు అర్థం చెప్పేటప్పుడు ప్రధానంగా ప్రస్తావించే తీర్పు కెనడా సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన ‘ఎం. వర్సెస్ హెచ్.’ అది అసలు వలస కేసు కాదు, విడిపోయిన ఇద్దరు స్త్రీల మధ్య భరణం వివాదం. అందులో కోర్టు 1980 నాటి ఒక ఒంటారియో తీర్పులోని లక్షణాలను స్వీకరించింది. ఒకే నివాసం, లైంగిక, వ్యక్తిగత ప్రవర్తన, ఒకరికొకరు చేసుకునే ఇంటి పనులు, సామాజిక జీవితం, ఆర్థిక సహకారం, పిల్లలు, సమాజం వారిని జంటగా చూసే తీరు అన్నవి ఆ లక్షణాలు. ఇవన్నీ ప్రతి జంటలోనూ ఉండాలని కోర్టు అనలేదు. పిల్లలు లేని జంటలూ జంటలే. ఏ లక్షణం ఎంత బరువు తూగుతుందన్నది ఆయా జీవితాన్ని బట్టి ఉంటుంది.

మన సుప్రీంకోర్టు 2013లో ఇంద్ర శర్మ కేసులో ‘వివాహం వంటి సంబంధం’ అంటే ఏమిటో వివరిస్తూ చెప్పిన అంశాలు కూడా దాదాపు ఇవే: కలిసి ఉన్న కాలం, ఒకే ఇల్లు, ఉమ్మడి ఖర్చులు, పిల్లలు, నలుగురిలో మెలిగిన తీరు, ఉద్దేశం. కాని ఒక తేడా గమనించండి. 2010లో వేలుస్వామి కేసులో మన కోర్టు, ఆ ఇద్దరూ పెళ్లి చేసుకోవడానికి అర్హులై, అవివాహితులై ఉండాలని చెప్పింది. కెనడా వలస నిబంధనల కింద, మొదటి వివాహం చట్టపరంగా రద్దు కాకపోయినా, ఆ భార్య లేదా భర్త నుంచి నిజంగా విడిపోయి, మరొకరితో ఏడాది కాపురం చేసినవారు కామన్-లా పార్ట్‌నర్ కావచ్చు. విడిపోయిన విషయాన్ని కూడా వారే రుజువు చేసుకోవాలి.

తెలుగు విద్యార్థుల విషయంలో చిక్కు ఎక్కువగా ఇక్కడే వస్తుంది. ఒక బేస్‌మెంట్‌లో నలుగురు కలిసి ఉంటారు. అద్దె ఒప్పందంలో నలుగురి పేర్లూ ఉంటాయి, కరెంటు బిల్లు నాలుగు వాటాలవుతుంది, వంట వంతుల ప్రకారం జరుగుతుంది. వారిలో ఇద్దరు దంపతుల్లా జీవిస్తున్నారని ఆ అద్దె ఒప్పందం చెప్పలేదు. అది చెప్పేది ‘ఒకే ఇల్లు’ అన్నంత వరకే. మిగిలిన లక్షణాలకు వేరే ఆధారాలు కావాలి.

7.4 సాక్ష్యం

రుజువు భారం దరఖాస్తుదారుడిదే. అయితే క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావులేని రుజువు అడగరు. ఉన్నదని నమ్మడానికే ఎక్కువ అవకాశం ఉందని అధికారికి అనిపించాలి.

చాలామంది మొదట వెతికేది ఐ.ఎం.ఎం. 5409 అనే ఫారం. ఇద్దరూ తాము కలిసి నివసిస్తున్నామని నోటరీ వంటి అధికారి ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టే ప్రకటన అది. దాన్నే పెళ్లి పత్రంతో సమానమని అనుకోవడం పొరపాటు. అది వారు తమ గురించి తాము చెప్పుకున్న మాట. ఆ మాటను బలపరచేవి ఇతరులు ఇచ్చిన, తమ పనిలో భాగంగా తయారైన కాగితాలు. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, కరెంటు, ఇంటర్నెట్ బిల్లులు, ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సుల మీద ఒకే చిరునామా, ఇద్దరికీ కలిపిన బీమా పాలసీ ఇలాంటివే. దరఖాస్తు కోసం పనిగట్టుకుని తయారు చేసినవి కాకపోవడమే వీటి బలం.

ఎన్ని కాగితాలు అన్నదానికంటే అవి ఏ తేదీలవి అన్నది ముఖ్యం. ఒకే పండుగ రోజు తీసిన నూరు ఫొటోలు ఒక్క రోజునే చూపుతాయి. నెలకొకటి చొప్పున పన్నెండు బ్యాంకు స్టేట్‌మెంట్లు ఏడాదిని చూపుతాయి. మొదటి నెలకు సంబంధించిన కాగితం మరీ విలువైనది, ఎందుకంటే లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.

అద్దె ఒప్పందం ఒకరి పేరు మీదే ఉంటే? ఇంటి యజమాని ఇచ్చే ఉత్తరం, రెండోవారు ప్రతి నెలా అద్దె వాటాగా పంపిన డబ్బు వివరాలు, అదే చిరునామాకు వచ్చిన జీతం స్లిప్పులు, బ్యాంకు ఉత్తరాలు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి.

ఇంట్లో పెద్దలకు చెప్పకుండా కలిసి ఉంటున్న జంటలకు ‘సమాజం చూసే తీరు’ దగ్గర ఇబ్బంది వస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలకు తెలియదు, అందువల్ల కుటుంబ ఫొటోలు, బంధువుల ఉత్తరాలు ఉండవు. ఆ సంగతి దాచిపెట్టడం కంటే వివరణ ఉత్తరంలో కారణాన్ని ఉన్నదున్నట్టు రాయడమే మంచిది. కులం, మతం వేరు కావడం వల్ల ఇంట్లో చెప్పలేదన్నది అర్థం కాని కారణమేమీ కాదు. తమను జంటగా ఎరిగిన స్నేహితులు, సహోద్యోగులు ఎప్పటి నుంచి ఎరుగుదురో తేదీలతో, చూసిన సంఘటనలతో రాసిన ఉత్తరాలు ఇక్కడ ఉపయోగపడతాయి. ‘వీరు చాలా మంచి జంట’ అని నాలుగు మాటలు రాసిన ఉత్తరం వల్ల ప్రయోజనం తక్కువ.

వాట్సాప్ సంభాషణలు జతచేసేవారు భాష సంగతి మరవకూడదు. ఇంగ్లీషు లేదా ఫ్రెంచిలో లేని ప్రతిదానికీ అనువాదం కావాలి. అనువాదాన్ని దరఖాస్తుదారు గాని, కుటుంబ సభ్యులు గాని చేయరాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కూడా తెలుగే. అందుచేత వందల పేజీలు కాక, ఇంటి ఖర్చు, సరుకులు, రాకపోకలు వంటి కాపురం సంగతులున్న కొన్ని సంభాషణలను ఏరుకోవడం ఖర్చు దృష్ట్యా కూడా మేలు.

ఇక ఆదాయపు పన్ను. కెనడా పన్నుల శాఖ నిర్వచనం ప్రకారం పన్నెండు నెలలు నిరంతరంగా దాంపత్య సంబంధంలో కలిసి ఉన్నవారు, లేదా కలిసి ఉంటూ తమకు బిడ్డ ఉన్నవారు కామన్-లా జంట. కొన్ని రాయితీలను జంట మొత్తం ఆదాయం చూసి లెక్కిస్తారు కాబట్టి, ఒంటరినని చెబితే నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయని ఆశపడేవారున్నారు. పన్ను రిటర్నులో ఒంటరి, వలస దరఖాస్తులో జంట అయితే, ఆ రెండు కాగితాల్లో ఒకటి అబద్ధమని అధికారి అనుకోవడం సహజం.

7.5 చెప్పకపోతే

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక యువతి తన స్నేహితుడితో పద్నాలుగు నెలలుగా దంపతుల్లా ఒకే ఇంట్లో ఉంటోంది. శాశ్వత నివాసం కోసం దరఖాస్తు చేస్తూ, ‘మాకు పెళ్లి కాలేదు కదా’ అని అవివాహితగా రాసింది. అతని పేరు ఎక్కడా లేదు. శాశ్వత నివాసం వచ్చిన రెండేళ్లకు అతనిని స్పాన్సర్ చేయవచ్చా? కింది పేరా చదవకముందే మీ జవాబు రాసుకోండి.

సాధారణ నియమం ప్రకారం చేయలేదు. పన్నెండో నెల నిండేసరికే ఆమెకు తెలిసినా తెలియకపోయినా అతను ఆమె కుటుంబ సభ్యుడయ్యాడు. నిబంధనల 117(9)(డి) ప్రకారం, స్పాన్సర్ తన శాశ్వత నివాసం దరఖాస్తు సమయంలో ప్రకటించని, అందువల్ల అధికారులు పరీక్షించని కుటుంబ సభ్యులు తరువాత కుటుంబ వర్గంలోకి రారు. 2019 సెప్టెంబరులో మొదలైన ఒక ప్రత్యేక విధానం ఇలాంటి కొందరికి ఊరటనిచ్చింది గాని అది షరతులతో కూడిన తాత్కాలిక ఏర్పాటు. అసలు నియమం రద్దు కాలేదు. పైగా ముఖ్యమైన విషయం దాచడం చట్టంలోని 40వ సెక్షన్ కింద తప్పుడు సమాచారం ఇవ్వడం కావచ్చు. దాని ఫలితం ఐదేళ్ల నిషేధం.

దరఖాస్తు నాటికి పది నెలలే అయి, నిర్ణయం వెలువడేలోగా ఏడాది నిండినా ఆ మార్పును తెలియజేయాల్సిందే. పెళ్లికి ఇద్దరి నిర్ణయం, ఒక ముహూర్తం కావాలి. ఈ హోదా మాత్రం క్యాలెండరు తిరిగేసరికి దానంతటదే వచ్చి చేరుతుంది.

7.6 తిరస్కరణ

ఏడాది నిండినా, కాగితాలన్నీ ఉన్నా, నిబంధనల 4వ సెక్షన్ కింద దరఖాస్తు తిరస్కరించవచ్చు. బంధం నిజమైనది కాకపోయినా, ప్రధానంగా వలస ప్రయోజనం కోసమే ఏర్పడినా, ఈ రెండింటిలో ఏ ఒక్కటి తేలినా చాలు.

తిరస్కరణ తరువాతి దారి, దరఖాస్తు చేసిన వర్గాన్ని బట్టి ఉంటుంది. భాగస్వామి కెనడా బయట ఉండగా కుటుంబ వర్గంలో చేసిన దరఖాస్తు తిరస్కరణకు గురైతే, స్పాన్సర్ ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లవచ్చు. అక్కడ కొత్త సాక్ష్యం ఇవ్వవచ్చు, ఇద్దరూ మాట్లాడవచ్చు. ‘కెనడాలోని భార్య, భర్త లేదా కామన్-లా పార్ట్‌నర్’ వర్గంలో చేసినవారికి ఆ అప్పీలు లేదు. ఫెడరల్ కోర్టు అనుమతి పొంది న్యాయ సమీక్ష కోరాలి. ఆ కోర్టు సాధారణంగా అధికారి ముందున్న కాగితాలనే చూస్తుంది. మొదటిసారి జతచేయని అద్దె రసీదు అక్కడ కొత్తగా చూపడానికి వీలుండదు.