ఆట మారితే మోడ్ ఎందుకు మొరాయిస్తుంది?

పిల్లలూ, చలికాలం మొదలై గాలి పాడైందంటే మన ఇందిరాపురంలో బడులు మూసేస్తారు. పార్కుకు వెళ్లొద్దంటారు. ఇంటింటా మైన్‌క్రాఫ్ట్ తెరుచుకుంటుంది. ఇక ఎవడో ఒకడు వచ్చి, "తాతయ్యా, గేమ్ అప్‌డేట్ అయింది, మోడ్స్ అన్నీ పోయాయి" అంటాడు. పోవడం ఏమిటిరా, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇలా వచ్చి కూర్చోండి, చెబుతాను.

మోడ్ అంటే ఆటను తయారుచేసినవాళ్లు కాక, బయటివాళ్లు రాసి జతచేసే ముక్క. అది ఆటలో దేన్ని పట్టుకుని నిలబడిందో చూడండి. ఏ వెర్షన్‌లో నడుస్తుందో, ఎందులో నడవదో అక్కడే తేలిపోతుంది.

మీ నాన్నలు ఆడిన క్రికెట్ 07 తీసుకోండి. అది వచ్చింది 2006లో, ఐపీఎల్ మొదలైంది 2008లో. అయినా మన దేశంలో కుర్రాళ్లు ఆ పాత ఆటలోనే ఐపీఎల్ జట్లను దింపి ఏళ్లకేళ్లు ఆడారు! జెర్సీలు, బ్యాట్లు, స్టేడియాలు చాలావరకు బొమ్మల ఫైళ్లే. ఆట ఫలానా పేరున్న బొమ్మ కోసం వెతుకుతుంది, ఆ పేరుతోనే కొత్త బొమ్మ పెడితే దాన్నే చూపిస్తుంది. అందుకే రంగులూ బట్టలూ మార్చే మోడ్‌లకు ఆయుష్షు ఎక్కువ.

ఆట నడకనే మార్చే మోడ్‌ల సంగతి అలా కాదు. కంప్యూటర్ మెమరీలో ఆటకు చెందిన ప్రతి పనికీ ఒక చిరునామా ఉంటుంది. జీటీఏ శాన్ ఆండ్రియాస్ మోడ్‌లు చాలా వాటిలో ఆ చిరునామాలను అంకెలుగానే రాసేశారు. కొరియర్ కుర్రాడు మన ఇందిరాపురం అహింసా ఖండ్‌లో ఇంటి బోర్డు చదవకుండా "గేటు నుంచి ఏడో తలుపు" అని లెక్కపెట్టుకుని వస్తున్నాడనుకోండి. మధ్యలో ఇంకో తలుపు పెడితే పార్శిల్ పక్కింటికి పోతుంది. 2005లో జరిగింది ఇదే. ఆటలో దాగి ఉన్న ఒక భాగం మీద గొడవ లేచి, కంపెనీ 1.01 వెర్షన్ తెచ్చింది. 1.0 కోసం రాసిన మోడ్‌లు అందులో పనిచేయలేదు. మోడ్‌లు కావాలనుకునేవాళ్లు ఇప్పటికీ వెనక్కి, 1.0కే వెళతారు.

స్కైరిమ్ అనే ఆటకు మోడ్‌లు రాసేవాళ్లు దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. ఒక్కో పనికి ఒక గుర్తు సంఖ్య ఇచ్చి, ఏ వెర్షన్‌లో దాని చిరునామా ఏదో చెప్పే పట్టిక తయారుచేశారు. దాని పేరు అడ్రస్ లైబ్రరీ. మోడ్ ఆ సంఖ్య అడుగుతుంది, పట్టిక చిరునామా చెబుతుంది. కానీ 2021 నవంబరులో ఆ ఆటను కొత్త కంపైలర్‌తో మళ్లీ కట్టారు. లోపలి అమరిక ఎంతగా మారిందంటే గుర్తు సంఖ్యలు కూడా కొత్తగా ఇవ్వాల్సివచ్చింది. ఆటగాడికి పైకి పెద్ద తేడా కనిపించదు, లోపల మాత్రం అన్నీ చోటు మారిపోయాయి.

ఇక మీ మైన్‌క్రాఫ్ట్. తొలినాళ్లలో అందులో రాయి 1, మట్టి 3 అంటూ ప్రతి దిమ్మెకూ అంకె ఉండేది. రెండు మోడ్‌లు ఒకే అంకె ఎంచుకుంటే తగువే. 2018లో వచ్చిన 1.13 వెర్షన్‌లో అంకెలు తీసేసి పేర్లు పెట్టారు. మంచి పని అంటాను నేను. కానీ అంకెలను నమ్ముకున్న పాత మోడ్‌లను మళ్లీ రాసుకోక తప్పలేదు. 1.12.2 మోడ్ 1.20.1లో ఎందుకు నడవదో ఇప్పుడు తెలిసిందిగా?

అందుకే మోడ్ దించే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. మీ ఆట జావా ఎడిషనా, బెడ్‌రాకా? ఫోన్‌లో ఉండే బెడ్‌రాక్‌కు జావా మోడ్ ఎక్కదు. వెర్షన్ చివరి అంకె దాకా సరిపోయిందా? మోడ్‌లను ఆటలోకి ఎక్కించే లోడర్లలో, మీ మోడ్‌ను ఫోర్జ్ కోసం రాశారా, ఫాబ్రిక్ కోసమా? అది ఆధారపడే లైబ్రరీ మోడ్‌లు ఉన్నాయా?

అయినా ఆట కూలితే భయపడకండి, లాగ్ ఫైల్ తెరిచి చదవండి. "క్లాస్ ఫైల్ వెర్షన్ 61" అని కనిపిస్తే అందులోంచి 44 తీసేయండి. 17 వస్తుంది. అంటే ఆ మోడ్‌కు జావా 17 కావాలి, మీ దగ్గరున్నది అంతకన్నా పాతది. జావా క్లాస్ ఫైల్ ప్రతిదాని మొదట్లోనూ ఈ వెర్షన్ సంఖ్య రాసి ఉంటుంది. ఏ జావా మీద నడవాలో ఫైలే చెప్పుకోవడం నాకు భలే నచ్చుతుంది.

మోడ్‌లు మార్చే ముందు సేవ్స్ ఫోల్డర్‌ను వేరే చోట కాపీ చేసిపెట్టండి. దీన్ని మాత్రం బద్ధకించొద్దు. ఒక మోడ్ తీసేస్తే దాని దిమ్మెలతో కట్టిన గోడలు మీ లోకంలోంచి మాయమవుతాయి. కొత్త వెర్షన్‌లో తెరిచిన లోకం పాత వెర్షన్‌లో సరిగా తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

లాగ్ కూడా ఆటను కూలుస్తున్న దొంగ మోడ్‌ను పట్టివ్వకపోతే గణితం పట్టిస్తుంది. 64 మోడ్‌లుంటే సగం తీసేసి ఆడండి. ఆట బాగానే నడిస్తే దొంగ తీసిన 32లో ఉన్నట్టు, కూలితే మిగిలిన 32లో. అందులో మళ్లీ సగం. 32, 16, 8, 4, 2, 1 అని ఆరు ప్రయత్నాల్లో దొరుకుతుంది. ఒక్కొక్కటే తీసి చూస్తూ పోతే 63 సార్లు కూడా పట్టొచ్చు. లైబ్రరీ మోడ్‌లను మాత్రం రెండు సగాల్లోనూ ఉంచండి, లేకపోతే మంచి మోడ్ కూడా ఆధారం లేక కూలుతుంది. విడివిడిగా బాగుండి, కలిస్తేనే కొట్టుకునే జంటలూ ఉంటాయి. ఏ సగమూ విడిగా కూలలేదంటే ఆ జంటలో చెరొకటీ చెరో సగంలో ఉన్నాయని అనుమానించండి.