పసికందు రక్తములోని ఆనవాళ్లు

పెద్దవారికి జబ్బుచేసినచో ఎక్కడ బాధగా నున్నదో చెప్పగలరు. ఒళ్లు కాలును, చలి పుట్టును. నాలుగు దినముల పసికందు విషయము అట్లు కాదు. పాలు కుడుచుట మానును, మగతగా పడియుండును, అరికాళ్లు చల్లబడును. జ్వరము రాకపోగా ఒంటి వేడి తగ్గుటయు కలదు. చలి తగిలిన శిశువునందును, రక్తములో చక్కెర తగ్గిన శిశువునందును ఈ లక్షణములే కనబడును. కాని వీని వెనుక సెప్సిస్ ఉన్నచో, అనగా సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించి శరీరమునంతటిని కల్లోలపరచుచున్నచో, కొన్ని గంటల జాగు కూడ ప్రాణము మీదికి తెచ్చును.

ఈ వ్యాధి మన దేశమున అరుదైనది కాదు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 2011 జూలై మొదలు 2014 ఫిబ్రవరి వరకు ఒక పరిశీలన జరిగినది. అచ్చటనే పుట్టి శిశు చికిత్సా విభాగములలో చేర్చబడిన 13,530 మందిలో నూటికి 14 మందికి పైగా సెప్సిస్ కనబడినది. వారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి అది పుట్టిన 72 గంటల లోపలనే సోకినది.

వ్యాధిని నిర్ధారించుటకు ప్రమాణమైన పరీక్ష రక్తపు కల్చరు. శిశువు రక్తమును పోషక ద్రవములో కలిపి, అందు సూక్ష్మజీవులు పెరుగునేమో చూతురు. మూడు కిలోల శిశువు ఒంటిలోని రక్తమంతయు సుమారు పావు లీటరు మాత్రమే. అందుండి తీయగలిగినది ఒక మిల్లీలీటరు. ఆ కొద్దిపాటి రక్తములో సూక్ష్మజీవి చిక్కకపోవచ్చును. చిక్కినను పెరుగుటకు ఒకటి రెండు దినములు పట్టును. అంతవరకు వేచియుండుట ప్రమాదము గనుక వైద్యుడు ముందే ఆంటీబయాటిక్ మందులు మొదలుపెట్టును. ఆ శిశువులలో అనేకులకు నిజమునకు సెప్సిస్ ఉండదు. అయినను వారు తల్లి ఒడికి దూరమై సూదిమందులు పొందుచుందురు. మందులకు లొంగని సూక్ష్మజీవులు వృద్ధియగుటకు ఇదియు ఒక కారణము.

ఇచ్చటనే రక్తములోని సూచకములు అక్కరకు వచ్చును. దొంగ కంటబడకున్నను కుక్కల అరుపును బట్టి ఊరివారు మేల్కొందురు గదా! సూచకములు ఆ అరుపు వంటివి. అవి సూక్ష్మజీవులు కావు. సూక్ష్మజీవులను చూచి శరీరము చేయు అలజడి. అయితే కుక్కలు బాటసారిని చూచియు అరచును. చిక్కంతయు అందే ఉన్నది.

వీనిలో పాతది సి-రియాక్టివ్ ప్రోటీను. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వారు న్యుమోనియా రోగుల రక్తములో దీనిని కనుగొనిరి. సూక్ష్మజీవి సోకగానే తెల్ల రక్తకణములు మొదలగునవి ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థమును విడుచును. దాని ప్రేరణచే కాలేయము ఈ ప్రోటీనును తయారుచేయును. ఇందుకు కొంత వ్యవధి కావలెను. కనుక మొదటి కొన్ని గంటలలో పరీక్షించి, ప్రోటీను లేదని తృప్తిపడరాదు. 24 గంటల పిదప మరల పరీక్షించినను లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపుననే ఉన్నచో సెప్సిస్ లేదని చాలవరకు నమ్మవచ్చును. కష్టమైన కాన్పు, ఉమ్మనీటిలోని మలము ఊపిరితిత్తులలో చేరుట మున్నగు కారణములచే కూడ ఇది పెరుగును. ఇంటర్‌ల్యూకిన్-6 దీనికంటె ముందు పెరుగును గాని, ఒక దినములోనే తగ్గిపోవును. ఆలస్యముగా చూచినవారికి ఏమియు కనబడదు.

ప్రోకాల్సిటోనిన్ ఈ రెండింటికి నడిమిది. మామూలుగా ఇది థైరాయిడ్ గ్రంథిలో కాల్సిటోనిన్ అను హార్మోనుగా మారును. తీవ్రమైన బాక్టీరియా వ్యాధిలో అనేక కణజాలములు దీనిని రక్తములోనికి విడుచునని 1993లో పారిస్ వైద్యుల పరిశీలన పిమ్మట తెలిసివచ్చినది. సుమారు నాలుగు గంటలకే పెరుగుట దీని సుగుణము. కాని ప్రకృతి ఇచ్చట ఒక మెలిక పెట్టినది: ఆరోగ్యవంతుడైన శిశువులో కూడ పుట్టిన మొదటి దినమున ఇది తనంత తాను పెరిగి, రెండు మూడు దినములలో తగ్గును. కాబట్టి శిశువు వయస్సును గంటలలో లెక్కించి, ఆ గంటకు తగిన పరిమితితో పోల్చవలెను. తరగతిలో గ్రాఫు గీయించుటకు ఇది చక్కని ఉదాహరణము.

నాలుగు దేశములలోని 18 ఆసుపత్రులలో 1,710 మంది శిశువులపై జరిగి, 2017లో ప్రకటింపబడిన ప్రయోగములో, ఈ పరీక్షను అనుసరించి మందు ఆపినచో చికిత్స 65 గంటల నుండి 55 గంటలకు తగ్గెను. అయితే వ్యాధి తిరుగబెట్టిన శిశువులు మిక్కిలి తక్కువగుటచే, ఈ పద్ధతి పూర్తిగా నిరపాయమని లెక్కలతో రుజువు చేయుటకు వీలుపడలేదు.

ఖరీదైన యంత్రములు లేనిచోట్ల మన వైద్యులు అయిదు చిన్న పరీక్షలను కలిపి చూతురు. తెల్లకణములు ఘన మిల్లీమీటరుకు 5,000 కంటె తగ్గుట, వానిలో న్యూట్రోఫిల్ కణములు తగ్గుట, ఆ న్యూట్రోఫిల్ కణములలో పక్వముకానివి అయిదింట ఒక వంతు మించుట, సన్నని గాజు గొట్టములో ఎర్రకణములు మొదటి గంటలో 15 మిల్లీమీటర్లకు మించి దిగుట, సి-రియాక్టివ్ ప్రోటీను పెరుగుట: వీనిలో ఏ రెండున్నను అనుమానము బలపడును. ఒక్కటియు లేకున్నను, శిశువు వాలకము బాగుగా లేనిచో 12 గంటల తరువాత మరల రక్తము తీయుదురు.