గోడకు చెమ్మ ఎక్కడిది?

పిల్లలూ! గోడల అడుగున సున్నం ఉబ్బి, పెచ్చులుగా రాలటం మీరు చూసే ఉంటారు. పెద్దవాళ్లు పండగకు మళ్లీ సున్నమో రంగో వేయిస్తారు. నాలుగు నెలలు తిరిగేసరికి గోడ మళ్లీ మామూలే! నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నదీ ఎవరూ చూడకపోవటమే అందుకు కారణం.

నల్గొండ జిల్లాలో నిడమనూరు అనే ఊరున్నది. అది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ప్రాంతం. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఆ చుట్టుపక్కల ఎన్నో మెట్టచేలు వరిమళ్లయాయి. మళ్లలో నిలిచిన నీటిలో కొంత భూమిలోకి ఇంకుతుంది. అందుచేత అలాటి చోట గోడ తడిస్తే, "పొలాల నీళ్లు ఊరుతున్నాయి," అనటం తేలిక. అది నిజం కావచ్చు. కాని దోషి వేరే కూడా కావచ్చు.

నీళ్లు పల్లానికి పోతాయి గదా, నేలలోని తేమ గోడ ఎలా ఎక్కుతుంది? దీపపు వత్తి నూనెను పీల్చినట్టే! ఇటుకలో కంటికి కనబడని సన్నని దారులుంటాయి. దారి ఎంత సన్ననిదైతే నీరు అంత పైకి పాకుతుంది. లోపలి వెడల్పు 1 మిల్లీమీటరు ఉన్న గాజు గొట్టాన్ని నీళ్లలో నిలబెడితే, నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది. అందులో పదోవంతు వెడల్పు గల గొట్టంలో 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది! దీనినే కేశనాళికత అంటారు. ఇలా ఎక్కిన చెమ్మ సాధారణంగా ఒక మీటరు ఎత్తుకు మించదు. నీరు ఆరిపోయాక, దానితో వచ్చిన లవణాలు గోడ మీద తెల్లగా పూస్తాయి.

మచ్చ పైనుంచి కిందికి దిగుతూ, వాన పడ్డప్పుడల్లా పెరుగుతుంటే, డాబా బీట వేసిందేమో చూడాలి. నడివేసవిలో కూడా ఆరకుండా, గోడ అవతల స్నానాలగది ఉంటే, కుళాయి గొట్టం కారుతున్నదేమో చూడాలి.

నాలుగో దోషి గాలి. చన్నీళ్ల చెంబుకు బయట బొట్లు పట్టినట్టే, వంటింటి ఆవిరి చల్లని గోడ మీద నీరవుతుంది. దీన్ని పట్టుకునే ఉపాయం ఉన్నది. గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో అంటించి, రెండు రోజులు ఉంచండి. కాగితం పైన బొట్లు పడితే తేమ గాలిలోది. కాగితం వెనక పడితే గోడలోది. తడిసినచోట స్విచ్చి ఉంటే మాత్రం చేయి పెట్టవద్దు. వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.

ఒకదానికి వేసే మందు మరొకదానికి పనికిరాదు. గాలి తేమకు కిటికీ తెరవాలి. బీటను పూడ్చాలి, గొట్టాన్ని బాగుచేయాలి. నేల చెమ్మ అయితే గోడ పక్కన నీళ్లు నిలవకుండా వాలు చేయాలి. కొత్త ఇల్లు కట్టేవారు పునాది మీద నీరు చొరని పొర వేస్తారు. అడుగునుంచి తడిసే గోడకు పైపైన సిమెంటు పూస్తే, నీరు ఆగిపోదు. దాని వెనకగా ఇంకా పైకి ఎక్కి బయటపడుతుంది. డబ్బు దండగ కావటమే గాక, తడిగోడకు పట్టే బూజు ఉబ్బసం ఉన్నవాళ్లను బాధిస్తుంది.

అందుచేత ఈసారి గోడ మీద మచ్చ కనిపిస్తే, దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. మచ్చ గీత దాటినది వాన కురిసినప్పుడా, పొలాలకు నీళ్లు వచ్చినప్పుడా, ఏమీ లేనప్పుడా అన్నది రాసుకోండి. మేస్త్రీ వచ్చిననాడు ఆ కాగితం ఆయన చేతికివ్వండి.