కుక్కలలో ఎక్టోపిక్ యురెటర్

ఎక్టోపిక్ యురెటర్ అనునది కుక్కలలో పుట్టుకతో వచ్చే ఒక మూత్రవ్యవస్థ లోపం. యురెటర్ అనగా మూత్రనాళం. మూత్రపిండం నుండి వచ్చే ఈ నాళం మూత్రాశయంలో కాక వేరొక చోట తెరచుకోవడమే ఈ లోపం. దీనివలన మూత్రం కారే కుక్కపిల్లను మచ్చిక కానిదిగా భావించి శిక్షించే అవకాశం ఉంది. నిజానికి మూత్రాన్ని ఆపుకోవడం దాని వశంలో ఉండదు.

నిర్మాణం

సాధారణంగా రెండు మూత్రనాళాలూ మూత్రాశయపు మెడ సమీపంలో తెరచుకుంటాయి. అక్కడ నిలువ చేరిన మూత్రం ప్రసేకం ద్వారా బయటికి పోతుంది. ప్రసేకం చుట్టూ ఉండే సంవరణి కండరం మూత్రాన్ని ఆపి ఉంచుతుంది. ఈ లోపంలో నాళం ప్రసేకంలోకి గాని, ఆడకుక్కలలో యోనిలోకి గాని తెరచుకుంటుంది. కుక్కలలో ఎక్కువగా నాళం మూత్రాశయం గోడలోకి సరైన చోటనే ప్రవేశించి, ఆ గోడలోనే కిందికి సాగిపోతుంది. పిండదశలో మూత్రనాళపు మొగ్గ సరైన స్థానంలో పుట్టకపోవడం దీనికి మూలం.

లక్షణాలు

పుట్టినది మొదలు మూత్రం బొట్లుబొట్లుగా కారుతుంది. వెనుక భాగం ఎప్పుడూ తడిగా ఉండి, చర్మం ఒరిసి ఎర్రబడుతుంది. ఒక నాళం మాత్రమే తప్పిన కుక్క మామూలుగా కూడా మూత్రం పోస్తుంది. అందుచేత లోపాన్ని గుర్తించడం కష్టం. మగకుక్కలలో ప్రసేకం పొడవైనది కనుక మూత్రం వెనుకకు మూత్రాశయంలోకి చేరి, లోపం బయటపడకపోవచ్చు. ఆడకుక్కలలోనే ఇది ఎక్కువగా కనబడుతుంది. సూక్ష్మజీవుల వలన మూత్రవ్యవస్థకు తరచు వ్యాధి సోకుతుంది. నాళం, మూత్రపిండం ఉబ్బి దెబ్బతినవచ్చు.

జాతులు

సైబీరియన్ హస్కీ, గోల్డెన్ రిట్రీవర్, న్యూఫౌండ్లాండ్, ఎంటెల్‌బుచర్ మొదలగు జాతులలో ఇది అధికం. మన ఇళ్లలో విరివిగా పెంచే లాబ్రడార్ కూడా ఈ కోవలోనిదే. కొన్ని జాతులలో వంశపారంపర్యమని తేలినందున, లోపమున్న కుక్కలను సంతానోత్పత్తికి వాడరాదు.

నిర్ధారణ, చికిత్స

అల్ట్రాసౌండ్, రంగుమందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్, ప్రసేకం గుండా కెమెరా పంపి చూసే సిస్టోస్కోపీ పరీక్షల ద్వారా దీనిని నిర్ధారిస్తారు. శస్త్రచికిత్సతో నాళాన్ని మూత్రాశయంలోకి తెరచుకొనేలా చేస్తారు. నాళం గోడలో సాగినప్పుడు సిస్టోస్కోపు ద్వారా లేజర్ కిరణంతో కూడా సరిచేయవచ్చు. ఒక మూత్రపిండం పూర్తిగా చెడి, రెండవది బాగుంటే చెడినదానిని తొలగిస్తారు.

సంవరణి కండరం కూడా బలహీనంగా ఉన్న కుక్కలలో చికిత్స తరువాత కొంత మూత్రం కారవచ్చు. వాటికి ఫినైల్‌ప్రొపనోలమిన్ వంటి మందులు పశువైద్యుని పర్యవేక్షణలో ఉపకరిస్తాయి. మూత్రపిండాలు చెడకముందే గుర్తిస్తే అనేక కుక్కలు సాధారణ జీవితం గడపగలవు. కనుక నిద్రలో కూడా తడిసే కుక్కపిల్లకు ముందుగా కావలసినది శిక్షణ కాదు, వైద్యపరీక్ష.