నిప్పుకూ నీటికీ నడుమ

నిప్పు, నీరు, నూనె - ఈ మూడింటినీ ఒకే ఇంట ఉంచి, ఒకదాని ముఖం మరొకటి చూడకుండా కాపాడవలసి వస్తే ఆ ఇంటి గోడ ఎంత దృఢమైనదై ఉండాలి! కారు ఇంజనులో ఆ పని చేసే గోడ మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. దానినే హెడ్ గ్యాస్కెట్ అంటారు. మెకానిక్కులు ప్యాకింగ్ అని కూడా వ్యవహరిస్తారు. పండితులు దీనికి అచ్చ తెలుగు పేరు కల్పించవచ్చు గాని, పనివాని నోట పడిన మాటే నిలుస్తుంది కనుక ఇక్కడ దానినే వాడుకుందాం.

నిప్పునూ నీటినీ పక్కపక్కన ఉంచి పని చేయించుకొనే విద్య లాలాగూడకు కొత్త కాదు. నిజాం రైల్వే వారు 1893లో ఇక్కడ వర్క్‌షాప్ నెలకొల్పిన నాటికి రైలును లాగేది ఆవిరి యంత్రమే. అందులో నిప్పుగది చుట్టూ నీరుండేది. నీటిమట్టం తగ్గి ఆ గది పైకప్పు మితిమీరి వేడెక్కితే, అందులో బిగించిన సీసపు బిరడా కరిగిపోయేది. ఆవిరి నిప్పు మీదికి దూకి ప్రమాదాన్ని చాటేది. ఆ రైల్వే సంస్థే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించింది. మోటారు బండిలో నిప్పుగది వేరుగా లేదు. నిప్పు సిలిండరు లోపలే పుడుతుంది.

పిస్టన్లు ఆడే సిలిండర్లున్న భాగం ఇంజను బ్లాక్. దానిపై మూత వలె బిగించినది హెడ్. ఈ రెండింటి నడుమ గ్యాస్కెట్ ఉంటుంది. ఇంధనం మండినప్పుడు సిలిండరులో ఉష్ణోగ్రత క్షణకాలం 2000 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. పీడనం పెట్రోలు ఇంజనులో వాతావరణ పీడనానికి సుమారు 50 రెట్లు, డీజిల్ ఇంజనులో 100 రెట్లకు పైగా ఉంటుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో, ఒక్కొక్క సిలిండరులో ఈ విస్ఫోటనం నిమిషానికి 1500 మార్లు జరుగుతుంది. ఆ పక్కనే చల్లదనానికై నీరు, కందెనకై నూనె సన్నని మార్గాలలో ప్రవహిస్తుంటాయి. సముద్రగర్భంలో బడబాగ్ని ఉంటుందనీ, అంత నీరూ దానిని ఆర్పలేదనీ మన కవులు వర్ణించారు. ఇంజనులో ఆ అద్భుతం గ్యాస్కెట్ చలవ వల్లనే సాధ్యమవుతున్నది.

పూర్వం రాగిరేకుల నడుమ ఆస్‌బెస్టాస్ నారను పొదిగి గ్యాస్కెట్లు చేసేవారు. ఆ నార ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలింది. నేటి కార్లలో ఎక్కువగా పలుచని ఉక్కురేకుల పొరలనే వాడుతున్నారు.

ఇంత బలమైనది ఎందుకు చెడుతుంది? చాలా సందర్భాలలో దోషం దానిది కాదు, వేడిది. మే నెల మధ్యాహ్నం తార్నాక కూడలిలో వాహనాలు ఆగి ఆగి కదులుతున్నాయనుకుందాం. బండి పరుగెత్తనందువల్ల రేడియేటరుకు ఎదురుగాలి తగలదు; భారమంతా ఫ్యానుదే. ఫ్యాను తిరగకున్నా, నీరు తగ్గినా, థర్మోస్టాట్ మూసుకుపోయినా, నీటి పంపు పనిచేయకున్నా ఇంజను ఉడికిపోతుంది. అనేక కార్లలో హెడ్ అల్యూమినియంది, బ్లాక్ ఇనుముది. అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడి హద్దు మీరితే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పట్టు సడలుతుంది.

ఆ పిమ్మట కనబడే లక్షణాలు అది ఎక్కడ తెగిందన్న దానిని బట్టి ఉంటాయి. నీరు సిలిండరులోకి చేరితే పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి ఎడతెగక వస్తుంది. బయట చుక్క కారకుండానే నీరు తరిగిపోతుంటుంది. నూనెలో కలిస్తే నూనె పాలకాఫీ రంగుకు మారుతుంది. మండిన వాయువు నీటిలోకి చొరబడితే రేడియేటరులో బుడగలు లేస్తాయి. రెండు సిలిండర్ల నడుమ తెగితే ఇంజను కుంటుతుంది. అయితే చలికాలపు ఉదయం పొగగొట్టం నుండి కొద్దిసేపు వచ్చే ఆవిరిని చూసి బెదరనక్కరలేదు. ఒక్క లక్షణంతో తీర్పు చెప్పరాదు. సిలిండర్ల పీడనాన్ని కొలిచి, రేడియేటరు నీటిలో దహనవాయువు ఉన్నదేమో పరీక్షించి నిర్ధారించాలి.

గ్యాస్కెట్‌ను ఇన్ని కిలోమీటర్లకొకసారి మార్చాలన్న నియమం సాధారణంగా లేదు. బాగున్న దానిని ముందు జాగ్రత్త పేరిట కదిలించడం అవివేకం. హెడ్ విప్పితే మాత్రం కొత్తది వేయవలసిందే. ఇక చెడినదని తేలిన తరువాత ఒక్క రోజు వాయిదా కూడా తగదు. అద్దెకారు నడిపి ఇల్లు గడుపుకొనేవాడు ఈ ఒక్క సవారీ చూసుకొని ఆపుదామనుకోవడం సహజమే. గ్యాస్కెట్ వెల స్వల్పం, విప్పి బిగించే కూలి అధికం కనుక అతని జంకు అర్థం చేసుకోదగినదే. కానీ నీరు సిలిండరులో నిండితే పిస్టన్ దానిని నొక్కలేదు. పిస్టన్‌ను నడిపే కడ్డీయే వంగుతుంది. నీరు కలిసిన నూనె బేరింగులను అరగదీస్తుంది. అప్పుడు పోయేది ప్యాకింగ్ కాదు, ఇంజనే; దానితో పాటు అతని జీవనాధారం.

ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీతను సమీపించగానే బండిని పక్కకు తీసి ఇంజను ఆపాలి. రేడియేటరు మూతను అప్పుడే విప్పరాదు. పీడనం కింద ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కాగిన ఇంజనుపై చన్నీళ్లు కుమ్మరించడమూ అంతే ప్రమాదకరం, హెడ్ పగలవచ్చు.

మరమ్మతులో కొత్త గ్యాస్కెట్ వేయడం చిన్న పని. హెడ్ అడుగుభాగం చదునుగా ఉన్నదో లేదో ఉక్కు స్కేలు ఆనించి, సందులో ఫీలర్ గేజ్ రేకులు దూర్చి చూడాలి. మిల్లీమీటరులో పదో వంతు వంపు కూడా అనేక ఇంజనులకు ఎక్కువే. వంగితే లేత్ పనివారి వద్ద ఫేసింగ్ చేయించాలి. బోల్టులను నడిమి నుండి అంచులకు, తయారీదారు చెప్పిన వరుసలో, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. కొన్ని ఇంజనుల బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి. వాటిని తిరిగి వాడకూడదు. మొదట ఇంజను ఎందుకు ఉడికిందో వెదకి సరిచేయకుంటే కొత్త గ్యాస్కెట్‌కూ అదే గతి పడుతుంది. చివరగా పాత నూనె తీసి కొత్తది పోసి, కూలెంట్ నింపి, అందులో చిక్కుకున్న గాలిని వెళ్లగొట్టి, ఫ్యాను తనంత తాను తిరిగి ఆగేవరకు ఇంజనును నిలిపిన చోటనే నడిపి చూసిన పిమ్మటనే బండిని రోడ్డెక్కించాలి.